గాజు మీద పెరటి పూలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కంప్యూటర్ పక్కన ఉండే స్కానర్ గాజు మీద పెరటి పూలను, ఆకులను బోర్లా పరిచి, వెనుక నల్లగా రావడానికి మూత తెరిచి ఉంచి బొమ్మలు తీయవచ్చని గత సంచికలో రాసిన తరువాత గోదావరికి రెండు వైపుల నుంచీ ఉత్తరాలు వచ్చాయి. ఎక్కువ మంది అడిగిన సందేహాలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. కొందరు తాము తీసిన బొమ్మలను కూడా జతచేశారు. వాటిలో ఒకే రకమైన పొరపాటు మళ్లీ మళ్లీ కనిపించినందువల్ల మొదటి జవాబు మిగిలినవాటికంటే పెద్దదైంది.

ప్రశ్న: మా ఇంట్లో ప్రింటర్, స్కానర్, జెరాక్స్ మూడూ కలిసిన యంత్రం ఉంది. రేక మందారాన్ని బోర్లా పెట్టి స్కాన్ చేస్తే నడిమి కాడ చివర మాత్రం స్పష్టంగా వచ్చి, రేకులన్నీ పొగమంచులో ఉన్నట్టు వచ్చాయి. నందివర్ధనం మాత్రం చక్కగా వచ్చింది. లోపం యంత్రానిదా, నాదా? — ఒక గృహిణి, కొత్తపేట

జవాబు: మీ ఇద్దరిదీ కాదు, తప్పు ఎవరి మీదైనా వేయక తప్పదంటే మందారం మీదనే వేయాలి. ఆ పువ్వును బోర్లిస్తే ముందుగా గాజును తాకేది కేసరాల కాడ. అది రేకులను దాటి బయటికి పొడుచుకు వస్తుంది కనుక, కాడ కొన గాజుకు ఆనిన తరువాత రేకులు మూడు నాలుగు సెంటీమీటర్ల పైన గాలిలో ఉండిపోతాయి. స్కానర్‌కు అంత దూరం చూపు ఆనదు. కెమెరా దూరాన్ని బట్టి దృష్టిని సర్దుకుంటుంది, స్కానర్ అలా చేయదు. గాజును ఆనుకొని ఉన్న కాగితాన్ని చదవడానికే దానిని తయారు చేశారు. ఇంట్లో వాడే మూడు పనుల యంత్రాలలో ఎక్కువగా ఉండేది సీఐఎస్ రకం. ఇందులో కాగితం వెడల్పున పరిచిన సెన్సార్ల వరుస గాజుకు సరిగ్గా కింద నడుస్తుంది. యంత్రం పలచగా, చౌకగా తయారవుతుంది కానీ గాజు నుంచి ఒక మిల్లీమీటరు పైకి లేచిన భాగం కూడా మసకబారడం మొదలవుతుంది. సీసీడీ రకంలో అద్దాల ద్వారా, ఒక కటకం ద్వారా బొమ్మను కుదించి చిన్న సెన్సార్ మీదికి పంపుతారు కనుక యంత్రం మందంగా, బరువుగా ఉంటుంది. దానిలో సుమారు ఒక సెంటీమీటరు ఎత్తు వరకు పనికివచ్చే స్పష్టత దొరుకుతుంది. పూల బొమ్మల పనికి సీసీడీదే పైచేయి. కంప్యూటర్లు బాగుచేసే దుకాణాలలో మూలన పడి ఉన్న పాత మందపాటి స్కానర్ కనిపిస్తే అడిగి చూడండి. అయితే ఇప్పటి విండోస్‌లో దానికి డ్రైవర్ (దానిని నడిపే సాఫ్ట్‌వేర్) దొరుకుతుందో లేదో తెలుసుకున్న తరువాతనే డబ్బు ఇవ్వండి.

మీ యంత్రం చూపు ఎంతవరకు ఆనుతుందో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. పిల్లల జామెట్రీ పెట్టెలోని స్కేలును అంకెలు కిందికి ఉండేటట్టు పట్టుకొని, ఒక కొసను గాజుకు ఆనించి, రెండో కొస కింద ఒక అగ్గిపెట్టె పెట్టి వాలుగా నిలిపి స్కాన్ చేయండి. ఏ అంకె దగ్గర గీతలు మసకబారడం మొదలైందో చూసి, అక్కడ స్కేలు గాజు నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలిస్తే మీకు దొరికే లోతు అదే. ఒకసారి కొలిచి యంత్రం మూత మీద రాసి పెట్టుకుంటే, ఏ పువ్వు పనికివస్తుందో పెరటిలో కోసేటప్పుడే తెలిసిపోతుంది.

ఇక పువ్వుల ఎంపిక. మీ నందివర్ధనం బాగా రావడంలో వింత లేదు: ఒంటి రేకుల నందివర్ధనానికి చక్రంలా పరుచుకున్న ఐదు రేకులు, వెనుక సన్నని గొట్టం ఉంటాయి, ముఖం దాదాపు చదునుగా గాజుకు ఆనుతుంది. శంఖుపుష్పం వెడల్పు రేక, కాగితంపూల రంగు రేకులు, నూరు వరహాల గుత్తి, పారిజాతం ఇవన్నీ గాజుకు నచ్చే పూలే. పారిజాతాన్ని మాత్రం తెల్లవారుజామున రాలిన వెంటనే ఏరుకొని స్కాన్ చేయాలి, ఎండెక్కితే రేకుల అంచులు ముడుచుకుపోతాయి. బంతి, ముద్ద చేమంతి గుండ్రంగా ఉంటాయి కనుక నడిమి రేకులే స్పష్టంగా వస్తాయి. వాటిని పదునైన బ్లేడుతో కాడ నుంచి పైకి నిలువునా రెండు చెక్కలుగా కోసి, కోసిన ముఖాన్ని గాజుకు ఆనించండి. చిన్న చిన్న పూలన్నీ ఒక పీఠం మీద కిక్కిరిసి కూర్చున్న లోపలి అమరిక బయటపడుతుంది, అది బయటి ముఖంకంటే అందంగా ఉంటుందని నా అభిప్రాయం. అరటి పువ్వును కూడా ఇలాగే చీల్చి చూడండి. కూరకు తరిగేటప్పుడు రోజూ చూసేదే అయినా, దొప్పల మధ్య వరుసలు తీరిన పువ్వులు తెర మీద పెద్దవై కనిపిస్తే ఇది మన వంటింటి వస్తువేనా అనిపిస్తుంది.

మందారాన్ని వదులుకోనక్కరలేదు. దానికి మూడు దారులు ఉన్నాయి. పువ్వును పక్కకు పడుకోబెట్టి, రెండు రేకులను, కేసరాల కాడను ఒకే మట్టంలో గాజుకు ఆనించడం మొదటిది. వెల్లకిలా పెట్టి, పచ్చని రక్షక పత్రాలు, రేకుల వెనుక ఈనెలు కనిపించే వీపు వైపును చూపడం రెండోది. రేకులను ఒక్కొక్కటిగా ఊడదీసి, కాడను విడిగా పెట్టి, పువ్వును విప్పిన లెక్కలాగా పరచడం మూడోది. నాకు మూడోదే ఇష్టం. ఏ పువ్వునైనా పైనుంచి చేత్తో అదమవద్దు. బరువు పడిన చోట రేక నలిగి తడి మచ్చ ఏర్పడుతుంది, ఆ మచ్చ కంటికి కనబడకపోయినా స్కాన్‌లో కనబడుతుంది. గాజుకు రెండు పక్కలా సమాన ఎత్తున పుస్తకాలు పేర్చి, వాటి మీద అడ్డంగా కొబ్బరి ఈనెలు వేసి, పువ్వు కాడను దారంతో ఈనెకు కట్టి వేలాడదీస్తే రేకుల కొసలు మాత్రమే గాజును తాకుతాయి. ఇది కాస్త ఓపిక కోరే పనే కానీ, గులాబీ వంటి పూలను నలగకుండా చూపే మార్గం ఇదే.

మరొక్క మాట. మీరు పైనుంచి చూస్తూ పేరుస్తారు, స్కానర్ కిందినుంచి చూస్తుంది. కనుక బొమ్మలో అన్నిటికంటే ముందు కనబడవలసినదాన్ని అన్నిటికంటే ముందుగా పెట్టి, వెనుక ఉండవలసిన ఆకులను ఆఖరున వేయాలి. మీకు కుడివైపున ఉన్నది బొమ్మలో ఎడమకు వస్తుంది. ముగ్గు వేయడం అలవాటైన చేతికి ఈ తలకిందుల లెక్క రెండు మూడు రోజులు చికాకు పెడుతుంది, తరువాత అలవాటవుతుంది.

ప్రశ్న: మీరు చెప్పినట్టే మూత తెరిచి ఉంచి స్కాన్ చేశాను. వెనుక నల్లగా రాలేదు, బూడిద రంగులో అడ్డచారలు పడ్డాయి. పైగా ఒక రేక అంచున ఎరుపు, ఆకుపచ్చ గీతలు వచ్చాయి. — ఒక డిగ్రీ విద్యార్థి, పాలకొల్లు

జవాబు: మూత తెరిచి ఉంచితే వెనుక నల్లగా రావడానికి కారణం, స్కానర్ దీపం వెలుగు దూరం పెరిగే కొద్దీ వేగంగా తగ్గిపోవడమే; పువ్వును తాకిన వెలుగు తిరిగి వస్తుంది, పైకప్పు దాకా వెళ్లినది తిరిగి రాదు. అయితే గదిలో వేరే దీపం వెలుగుతుంటే ఆ వెలుగు తెరిచిన గాజు గుండా లోపలికి దిగుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కనుక చాలా ట్యూబ్‌లైట్లు, చౌకరకం ఎల్‌ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి. కంటికి తెలియని ఆ మినుకునే గాజు వెంట పాకుతున్న సెన్సార్ చారలుగా నమోదు చేసింది. రాత్రి పూట గది దీపాలన్నీ ఆర్పి తీయండి. పగలే తీయాలంటే ఒక అట్టపెట్టెకు లోపల నల్ల వెల్వెట్ గుడ్డ అంటించి గాజు మీద బోర్లించండి. సిల్కు, పాలిస్టర్ వంటి నల్ల గుడ్డలు మెరిసి వెలుగును వెనక్కి కొడతాయి, వెల్వెట్ మింగేస్తుంది. స్కానింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్స్‌పోజర్‌ను (వెలుగు మోతాదును) తనంత తాను సర్దుకునే ఏర్పాటును ఆపివేయడం కూడా అవసరం. లేకపోతే అది చీకటిని చూసి కంగారుపడి మొత్తాన్ని వెలుగులోకి లాగుతుంది, నలుపు బూడిదవుతుంది.

ఎరుపు, ఆకుపచ్చ గీతలకు కారణం మీ సీలింగ్ ఫ్యాన్ అయి ఉండాలి. మూడు రంగులనూ స్కానర్ సరిగ్గా ఒకే క్షణంలో చదవదు, ఒకదాని వెనుక ఒకటిగా చదువుతుంది. ఆ మధ్యలో రేక కదిలితే రంగులు ఒకదాని మీద ఒకటి సరిగా కూర్చోవు. ఫ్యాన్ ఆపండి, బల్ల కదలకుండా చూడండి. పూలలో దాగిన చీమలను దులపండి. నా బొమ్మ ఒకదానిలో సన్నజాజి మీద పాకిన గండుచీమ అర అంగుళం పొడవున సాగివచ్చింది: సెన్సార్ నడిచే దిక్కునే అదీ నడిచినందువల్ల ఆ సాగుడు, ఎదురు నడిచి ఉంటే పొట్టిదయ్యేది. ఆ బొమ్మను నేను చెరపలేదు.

నల్లని వెనుకతలం వద్దనుకునేవారు తెల్లని నూలుగుడ్డను పూల మీద వదులుగా కప్పి తీయవచ్చు. అప్పుడు నీడలు పడతాయి. దీపం సెన్సార్‌కు ఒక పక్కన ఉన్న యంత్రాలలో ఆ నీడ ఒకే దిక్కుకు పడుతుంది. అమరికను గాజు మీద అటూ ఇటూ తిప్పి, నీడ ఎటు పడితే ఆకు లేచి నిలిచినట్టు కనిపిస్తుందో చూసుకోండి. నల్లదనంలో పువ్వు తేలుతుంది, తెల్లదనంలో ఆకు ఆకారం పలుకుతుంది. రావి ఆకులను నీళ్లలో కొన్ని వారాలు నానబెట్టి గుజ్జును కడిగేస్తే మిగిలే ఈనెల వలకు మాత్రం నలుపే సరైన తోడు.

ప్రశ్న: మేము నర్సరీలో పనిచేస్తున్నాము. క్రోటన్ రకాల ఆకులను అసలు రంగులతో స్కాన్ చేసి పెద్ద పటాలుగా అచ్చు వేయించాలని ఉంది. ఎంత డీపీఐ పెట్టాలి? ఎర్ర పూలు ఒకే ముద్దగా, శంఖుపుష్పం ఊదాగా వస్తున్నాయి ఎందుకు? — ఇద్దరు మిత్రులు, కడియపులంక

జవాబు: కడియపులంకలో ఉండి ఆకుల కోసం వెతుక్కునే అవసరం లేని మీ అదృష్టానికి అసూయగా ఉంది. డీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు అన్న లెక్క, తేలికైనదే. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు చాలు. ఏ4 గాజు మొత్తాన్ని 600 డీపీఐ దగ్గర స్కాన్ చేస్తే సుమారు 4,960 అడ్డం, 7,016 నిలువు చుక్కలు వస్తాయి. దానిని 300 దగ్గర అచ్చు వేస్తే రెండు రెట్లు పొడవు, రెండు రెట్లు వెడల్పు, అంటే ఏ2 కొలత. ఫొటో ల్యాబులలో సాధారణంగా దొరికే 12 అంగుళాలకు 18 అంగుళాల కాగితానికి 3,600కు 5,400 చుక్కలే కావాలి కనుక 600 ధారాళంగా సరిపోతుంది. అయితే ఆ కాగితం ఏ4 నిష్పత్తిలో ఉండదు, కొంచెం పొడుగ్గా ఉంటుంది. పక్కల కొంత కత్తిరింపుకు పోతుందని గుర్తుంచుకొని అంచులలో ఖాళీ వదలండి. 1200 పెడితే కుదించని ఫైలు 400 మెగాబైట్లు దాటుతుంది, పాత కంప్యూటర్ మొరాయిస్తుంది. ఒక్క కరివేపాకు రెమ్మనో, గడ్డిపువ్వునో గోడంత పెద్దది చేయదలచుకున్నప్పుడే అంత అవసరం. పెట్టె మీద గొప్పగా అచ్చువేసే 9600, 19200 వంటి అంకెలు చాలావరకు సాఫ్ట్‌వేర్ మధ్యలో ఊహించి నింపే చుక్కలవి. ఆప్టికల్ (సెన్సార్ నిజంగా చదివేది) అని రాసి ఉన్న అంకెనే నమ్మండి. మూల ఫైలును వివరం పోకుండా టిఫ్‌గా దాచుకొని, పంపడానికి మాత్రమే కుదించి జేపెగ్ చేయండి.

ఎర్ర పువ్వు ముద్దగా రావడానికి కారణం ఎరుపు కొలత నిండిపోవడం. ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు పాళ్లు ఉంటాయి. మందారం ఎరుపులో మొదటిది పొంగిపోతుంది, మిగిలిన రెండూ అడుగంటి ఉంటాయి, మధ్యలోని ఈనెల తేడాలు ఎక్కడా మిగలవు. ఎక్స్‌పోజర్‌ను చీకటి వైపు కొంత తగ్గించి, స్కానర్‌లో 48 బిట్ల రంగు (రంగు తేడాలను ఇంకా సూక్ష్మంగా నమోదు చేసే ఏర్పాటు) ఉంటే దానిని ఎంచుకొని స్కాన్ చేసి, తరువాత గింప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో వెలుగును నెమ్మదిగా పెంచుకోండి. పోయిన వివరం ఎంత దిద్దినా తిరిగి రాదు, చీకటిలో దాగినది మాత్రం తిరిగి వస్తుంది. శంఖుపుష్పం సంగతి వేరు. ఆ నీలం మన కన్ను చూసే తీరు వేరు, సెన్సార్ చదివే తీరు వేరు కనుక ఊదా వైపు జరుగుతుంది. పువ్వు పక్కన ఒక తెల్ల కాగితం ముక్క పెట్టి స్కాన్ చేసి, ముందు ఆ తెలుపును సరిచేసి, తరువాత కోసి తెచ్చిన మరో పువ్వును తెర పక్కన పట్టుకొని నీలాన్ని విడిగా దిద్దండి. క్రోటన్ ఆకులకు ఇంత కష్టం ఉండదు. పైన నూనె రాసినట్టు మెరిసే ఆకులను మాత్రం తడిబట్టతో తుడిచి పూర్తిగా ఆరనిచ్చిన తరువాత స్కాన్ చేయండి. ఒక్కో రకం ఆకును ముఖం, వీపు రెండూ పక్కపక్కన పెట్టమని నా సలహా, ఎందుకంటే చాలా క్రోటన్లలో వీపు రంగు వేరుగా ఉంటుంది, కొనేవారికి దుకాణంలో అది కనిపించదు.

ప్రశ్న: తడి పూలు పెడితే యంత్రం పాడవదా? — రామచంద్రపురం

జవాబు: పాడవుతుంది, నేను పాడుచేశాను. వర్షంలో కోసిన కలువను దులపకుండా పెట్టి, కాడలోంచి కారిన నీరు గాజు అంచు కిందికి దిగేదాకా చూసుకోలేదు. లోపల పట్టిన ఆవిరి ఆరింది కానీ మచ్చ మిగిలింది, ఆ తరువాత ఆ యంత్రం తీసిన ప్రతి బొమ్మలోనూ అదే చోట ఒక మబ్బు. కాడలను కోసిన వెంటనే గుడ్డతో ఒత్తి, అరగంట నీడన ఉంచి పెట్టండి. తుడవడానికి కళ్లద్దాల గుడ్డను కొద్దిగా తడిపి వాడండి, ద్రావకాన్ని నేరుగా గాజు మీద చల్లవద్దు. పాలు కారే జిల్లేడు, గన్నేరు, నందివర్ధనం కాడల కొసలకు కాగితం చుట్టండి. జిల్లేడు పాలు కంటికి చాలా ప్రమాదం, ఆ చేతితో కళ్లు నలుపుకోకండి.

ప్రశ్న: యంత్రం తీసినదాన్ని కళ అనవచ్చునా? ఇది నకలు తీయడమే కదా? — ఒక విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు, నరసాపురం

జవాబు: మాస్టారూ, చేతితో గీసిన గీత విలువ మీకంటే నాకు ఎక్కువ తెలియదు. అయితే మొక్కను నేరుగా తాకించి బొమ్మ తీయడం ఫొటోగ్రఫీ పుట్టుకతోనే ఉంది. 1830లలో ఫొటోగ్రఫీ ఆద్యులలో ఒకడైన టాల్బట్ ఇంగ్లండులో ఆకులను రసాయనం పూసిన కాగితం మీద ఎండలో ఉంచి వాటి నీడలను పట్టాడు. 1842లో శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ కనిపెట్టిన నీలిముద్ర పద్ధతితో 1843 నుంచి వృక్షశాస్త్రజ్ఞురాలు అన్నా అట్కిన్స్ సముద్రపు నాచు మొక్కల బొమ్మలు వేసి పుస్తకంగా వెలువరించింది. కెమెరా లేదు, కటకం లేదు. మొక్క, కాగితం, ఎండ మాత్రమే. ఆ వరుసలో ఎండ స్థానంలోకి పాకే దీపం, కాగితం స్థానంలోకి సెన్సార్ వచ్చాయి.

మన ప్రాంతానికి ఇంకా దగ్గర ఉదాహరణ ఉంది. డెల్టా అంచున సామర్లకోటలో 1781 నుంచి పనిచేసిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ అక్కడ తోట వేసి, భారతీయ చిత్రకారుల చేత ఈ తీరపు మొక్కలను గీయించాడు. వాటిలో 300 చిత్రాలు 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా లండనులో అచ్చయ్యాయి, మొక్కలకు తెలుగు పేర్లు కూడా చేర్చారు. ఆ పటాలలో కొమ్మ పైన ఉంటుంది, అడుగున పువ్వును విప్పి ఒక్కో భాగాన్ని విడిగా చూపుతారు. కొత్తపేట పాఠకురాలికి నేను చెప్పిన మూడో దారి ఆ పటాల నుంచి నేర్చుకున్నదే. ఏ రేకను ఎక్కడ పెట్టాలి, దేనిని వదలాలి అన్న నిర్ణయం స్కానర్ చేయదు, పరిచే చేయి చేస్తుంది; నకలు అనడానికి నాకున్న అభ్యంతరం అదొక్కటే.

చట్టం మాట కూడా ఇంకొక పాఠకుడు అడిగారు కనుక ఇక్కడే చెబుతున్నాను. 1957 నాటి మన కాపీరైట్ చట్టం ఫొటోగ్రఫీని పోలిన ఏ పద్ధతితో తయారైన పనినైనా ఫొటోగా లెక్కిస్తుంది, ఫొటోను కళాకృతిగా లెక్కిస్తుంది. అందులో కళాగుణం ఉన్నా లేకపోయినా సరేనని కూడా స్పష్టంగా రాసింది. ఆ చివరి మాట మాస్టారికి నచ్చదని తెలుసు.

ప్రశ్న: పోయిన ఏడు అచ్చు వేయించి ఫ్రేము కట్టించిన పారిజాతం బొమ్మ వానాకాలంలో అద్దానికి అతుక్కుపోయింది. ఊడదీయడం ఎలా? — రాజోలు

జవాబు: ఊడదీయకండి, రంగు పొర అద్దానికే ఉండిపోయి కాగితం తెల్లగా లేచివస్తుంది. ఫైలు మీ దగ్గరే ఉంది కనుక మరొకటి అచ్చు వేయించండి. ఈసారి ఫ్రేము కట్టేవారిని అద్దానికీ బొమ్మకూ మధ్య చుట్టూ మందపాటి మౌంటు అట్ట వేయమనండి. ఆ రెండు మిల్లీమీటర్ల గాలి చాలు. వెనుక పలకకు, గోడకు మధ్య కింది రెండు మూలల్లో బాటిల్ మూత రబ్బరు ముక్కలు అంటించండి. కాలువ వైపు గోడకు, చెమ్మ ఎక్కే గోడకు తగిలించవద్దు. వీలైతే పిగ్మెంట్ (రంగు పొడి కలిపిన) సిరాతో, ఆమ్లం లేని నూలు కాగితం మీద అచ్చు వేసేవారిని వెతకండి, ఖరీదు ఎక్కువైనా రంగు ఎక్కువ కాలం నిలుస్తుంది. పారిజాతం కాడల కాషాయం తక్కువరకం సిరాలో త్వరగా వెలిసిపోయే రంగు.